చింతగింజకు సగం లెక్క లేదు

జనవరి 18, కొడిమ్యాల

పదో తరగతికి సంభావ్యత మొదలుపెట్టిన. ముగ్గురి నాణేల లెక్కలు బోర్డు మీద రాసిన. బఫన్ 4,040 సార్లు ఎగరేస్తే బొమ్మ 2,048 సార్లు. కెరిచ్‌కు 10,000లో 5,067. కార్ల్ పియర్సన్‌కు 24,000లో 12,012. కెరిచ్ పాపం యుద్ధకాలంలో డెన్మార్క్ పోయి చిక్కుకున్నడు. నిర్బంధ శిబిరంలో కూర్చుని ఎగరేసిండు.

"ఎగరేసినకొద్ది తేడా తగ్గుతది గద సార్" అన్నరు పిల్లలు. తగ్గేది నిష్పత్తిలో. విడి లెక్కలో తేడా పెరగొచ్చు గూడ. పదివేలకు అటో ఇటో 50 తేడా మామూలే, 24,000కు 77. పియర్సన్‌కు 12 దగ్గరే ఆగుడు అదృష్టం. ఆ మూడు లెక్కలే చూస్తే ఈ సంగతి దొరకదు.

జనవరి 19

ఎదురింటి అరుగు మీద అష్టాచెమ్మ నడుస్తున్నది. గవ్వలు లేవు, ఒకదిక్కు బండకు అరగదీసిన చింతగింజలు. వాళ్ల ఆటలో నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగూ నలుపైతే అష్ట. సగం-సగం అనుకుంటే రెండూ పదహారింట ఒకటే.

"అష్ట యాడ వడ్తది బిడ్డా, అన్నీ చెమ్మలే" అన్నది అవ్వ.

జనవరి 20

రాత్రి కాగితం మీద వేసి చూసిన. తెలుపు పదింట ఆరుసార్లు పడే గింజలనుకుంటే చెమ్మ నూటికి 13, అష్ట నూటికి 3 గూడ రాదు. ఐదు రెట్లు! కొంచెం మొగ్గు నాలుగు గింజల్లో గుణించుకుంటే ఇంత తేడా. అవ్వ మాట లెక్కకు నిలబడ్డది.

నాణేనికి సగం అనేది రెండు ముఖాలు ఒక్కతీరున్నయన్న నమ్మకంతో. గింజకు ఆ నమ్మకం ఎక్కడిది? వేసి, రాసి తెలుసుకోవాలె. పాచికలు గూడ మోసం జేస్తయి. వెల్డన్ అనేటాయన 12 పాచికలను 26,306 సార్లు వేస్తే ఐదో ఆరో 1,06,602 సార్లు పడ్డయి. మూడో వంతు లెక్కన 1,05,224 రావాలె. 265 అటుఇటైతే మామూలు, 1,378 కాదు. 1900లో పియర్సన్ ఈ లెక్కనే పరీక్షించి పాచికలు సమంగ లేవన్నడు. చుక్కలకు తోడిన గుంటలు ఆరు దిక్కు ఎక్కువ గద, అటు తేలికైతదని చెప్తరు.

జనవరి 21

పిల్లలను గింజలు తెమ్మన్న. ఎవరి గింజలు వాళ్లే అరగదీసుకోవాలె, ఎవరి లెక్క వాళ్లే రాసుకోవాలె. ఒక్కొక్కరి అరుగుదల ఒక్కో తీరు. అన్నీ కలిపి లెక్కేస్తే వచ్చే భిన్నం ఏ గింజదీ కాదు.