నాలుగు వేల వెదుళ్ల గాదె

జపాన్‌లో తకమట్సు రేవు నుంచి పడవలో గంట ప్రయాణం చేస్తే షోదోషిమా వస్తుంది. ఆలివ్ తోటలకూ సోయా సాస్‌కూ పేరుపడ్డ దీవి అది. నేను వెళ్లింది మాత్రం వెదురు అల్లిక చూడడానికి. అది 2016 అక్టోబరు. ఆ చుట్టుపక్కల దీవుల్లో మూడేళ్లకోసారి జరిగే సెతోచి కళోత్సవం చివరి విడత నడుస్తోంది.

బస్సు దిగేసరికి నకయామా ఊరి కొండవాలంతా మెట్లు మెట్లుగా వరిమళ్లు, సుమారు 800 ఉంటాయి. కోత అయిన మళ్లలో మోళ్లు మిగిలాయి. ఆ మెట్లకు దిగువన, పెద్ద గంప బోర్లించినట్టు కనిపించింది తైవాన్ కళాకారుడు వాంగ్ వెన్‌చి నిర్మించిన ‘ఆలివ్ కల’. సుమారు 4,000 వెదుళ్లు పట్టాయట.

లోపలికి వెళ్లడానికి వెదురుతోనే కట్టిన నడవ ఉంది. ఆ ఇరుకులోంచి నడిచి నడిచి ఒక్కసారిగా గుమ్మటం కిందికి వచ్చేసరికి ఛాతీ విశాలమైనట్టనిపించింది. చెప్పులు విడిచి వెదురు నేల మీద వెల్లకిలా పడుకున్నాను. వీపు కింద కణుపులు తగులుతున్నాయి. అల్లిక సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతోంది. గాలి మాత్రం ఏ అడ్డూ లేనట్టు అటునుంచి ఇటు పోతోంది.

నేను ఆర్కిటెక్ట్‌ని. కళ్లు వాటంతటవే బరువు ఎటు దిగుతోందా అని వెతికాయి. మధ్యలో స్తంభం లేదు. గోడ ఎక్కడ అయిపోయి కప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. చేతికి అందేంత ఎత్తులో ఒకచోట దగ్గరగా చూశాను. ఒక బద్ద రెండో దాని మీదుగా వెళ్లి, మూడో దాని కిందికి దూరి, మళ్లీ పైకి తేలింది. వేలితో గట్టిగా నొక్కాను. ఆ బద్ద కాస్త వంగింది, దానితోపాటు పక్కవీ కదిలాయి. వేలు తీయగానే అన్నీ యథాస్థానానికి వచ్చేశాయి. నేను పెట్టిన బరువును అవి నాలుగు దిక్కులకూ పంచుకున్నాయి. విడిగా ఒక బద్దకు అంత సత్తువ ఉండదు. ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల, గుమ్మటం వంపు వల్ల వచ్చిన బలం అది. వెదురులో నార బయటి పచ్చ తొక్క వైపే దట్టంగా ఉంటుంది. అందుకే అంత సన్నగా చీల్చినా తెగకుండా వంగుతుంది.

అప్పుడు గుర్తొచ్చింది మా తాతగారి పెరట్లోని గాదె. చిన్నప్పుడు దాని అల్లిక మరమ్మతు చేయడానికి వచ్చిన మేదర తాత నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: “పచ్చి మీదున్నప్పుడే అల్లాలి బాబూ, ఎండితే మాట వినదు.” లోపల పోసిన ధాన్యం గోడల్ని బయటికి నెడుతుంటే, చుట్టూ తిరిగిన బద్దలు బిగిసి నిలబెట్టేవి. ఇంజనీరింగ్ కాలేజీలో నాకు రెండు సెమిస్టర్లు పట్టిన పాఠం ఆ పెరట్లోనే ఉంది. ఆయన్ని ఎవరూ ఇంజనీరు అనలేదు. నేనూ అనలేదు.

షోదోషిమాలో నన్ను కదిలించింది ఇంకొకటి. వాంగ్ ఒక్కడే కట్టి వెళ్లిపోలేదు. వెదుళ్లు నరకడం దగ్గర్నుంచి ఊరివాళ్లు చేయి వేశారు. పట్టించుకునేవాళ్లు తగ్గి జపాన్ పల్లెల్లో వెదురు పొదలు పొలాల మీదికీ అడవుల మీదికీ పాకుతున్నాయి. నరికితే ఊరికీ మేలే. వాంగ్ ఇక్కడ వరుసగా కట్టినవి: 2010లో ‘షోదోషిమా ఇల్లు’, 2013లో ‘షోదోషిమా వెలుగు’, 2016లో ఇది. ఒకటి విప్పేశాక మూడేళ్లకు ఇంకో రూపం. కట్టడం పోయినా కట్టే చేతులు ఊళ్లో మిగులుతున్నాయి. శాశ్వతంగా నిలబడేదే గొప్ప కట్టడమని ఇన్నాళ్లూ నమ్మిన నేను, ఆ వెదురు నేల మీద ఆ నమ్మకం వదులుకున్నాను.

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలకు ఒక మనవి. ఈసారి మేదర వీధికి వెళితే బుట్ట కొనుక్కుని వచ్చేయకండి. ఒక పూట కూర్చుని, అడుగు నుంచి అంచు దాకా అల్లిక ఎలా లేస్తుందో చూడండి, అడిగి నేర్చుకోండి. మీకు పాఠం చెప్పిన గురువుకు ఆ పూట కూలి గౌరవంగా చేతిలో పెట్టి రండి.