రెండు గుమ్మాల మధ్య మన విద్యార్థి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలకు ప్రతి ఉదయం చుట్టుపక్కల పల్లెల నుంచి ఆర్టీసీ బస్సుల్లో విద్యార్థులు వస్తుంటారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. నాలుగైదు ముస్లిం కుటుంబాలు మాత్రమే ఉన్న ఊళ్లో పెరిగిన కుర్రవాడికి, తన ఈడు ధార్మిక మిత్రులు తొలిసారి కనిపించేది పట్టణంలోని విద్యార్థి బృందంలోనే. అందుకే ఆ బృందం అతనితో ఎలా వ్యవహరిస్తుందన్నది చిన్న విషయం కాదు.

నాకు తెలిసిన ఒక డిగ్రీ విద్యార్థి వారపు ఇజ్తెమాకు క్రమం తప్పకుండా వచ్చేవాడు. ఒకసారి హిందూ సహాధ్యాయి అక్క పెళ్లికి వెళ్లాడు. శాకాహారం భుజించాడు, ఆ ఇంటివారు చూపిన గదిలో జుహర్ నమాజు చేసుకున్నాడు, తిరిగి వచ్చాడు. తర్వాతి వారం ఒకరు అందరి ఎదుటా దీన్ని ధర్మంలో అలసత్వంగా ఎత్తిచూపారు. నాటి నుంచి అతను రావడం మానేశాడు. కారణం అడిగితే, "చాచా, కాలేజీలో నన్ను ముల్లా అంటారు. ఇక్కడ సగం ముస్లిం అంటున్నారు. నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు. అతను నమాజును విడువలేదు. కానీ ఇప్పటికీ ఒంటరిగానే ఉన్నాడు.

ఈ సందర్భంలో హజ్రత్ హంజలా (రజి) వృత్తాంతం గుర్తుకొస్తుంది. దైవప్రవక్త (స) సన్నిధిలో స్వర్గనరకాలు కళ్లెదుట ఉన్నట్లే అనిపిస్తాయని, ఇల్లు చేరి భార్యాబిడ్డల మధ్య పడగానే ఎంతో మరచిపోతున్నానని ఆయన కలత చెందారు. తాను కపటినైపోయానేమో అని భయపడ్డారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) తన స్థితీ అదేనన్నారు. ఇద్దరూ ప్రవక్త (స) వద్దకు వెళ్లారు. ఆయన వారిని మందలించలేదు. సదా ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలే మీతో కరచాలనం చేసేవారని చెప్పి, దానికొక వేళ, దీనికొక వేళ ఉంటుందని ఊరడించారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది.

అయితే ఈ వెసులుబాటు హద్దులను చెరిపివేసేది కాదు. ఫర్జ్ నమాజు, హలాల్ ఆహారం, చూపులో మాటలో లజ్జ, సత్యసంధత – వీటిలో బేరసారాలు లేవు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చినప్పుడు సూర్యాపేట విద్యార్థులకు ఎదురయ్యే ప్రశ్న ఇదే: మిత్రుడు రమ్మంటే ఏం చేయాలి? ఆరాధన విషయంలో ఎవరి మార్గం వారిదని 'కాఫిరూన్' సూరా తేల్చి చెప్పింది. మనతో ధర్మం విషయంలో పోరాడని వారి పట్ల మంచితనంతో, న్యాయంతో మెలగడాన్ని అల్లాహ్ వారించలేదని 'ముమ్‌తహినా' సూరా 8వ ఆయతు బోధిస్తుంది. కనుక పూజలో పాల్గొనలేనని మృదువుగా చెప్పవచ్చు. ఆ మిత్రుని తల్లి జబ్బుపడితే ఆసుపత్రికి తీసుకెళ్లడంలో అందరికన్నా ముందుండవచ్చు. రెండూ ఇస్లామే.

బృందాలు నడిపే యువకులకు నా విన్నపాలు కొన్నే. పొరపాటు కనిపిస్తే ఏకాంతంలో, ప్రేమతో చెప్పండి. గ్రామానికి పోయే ఆఖరి బస్సు సమయం చూసి సమావేశం ముగించండి. క్రికెట్ ఆడనివ్వండి, అస్ర్ వేళకు మైదానంలోనే జమాఅత్ నిలబెట్టండి. బాలికల సమావేశాలు విడిగా, పగటిపూట, తల్లులకు తెలిసేలా జరగనివ్వండి. వాట్సాప్ గ్రూపులో లేనివారి గురించి మాట రాగానే ఆపండి. పరోక్ష నిందను సోదరుని శవమాంసం తినడంతో పోల్చిన 'హుజురాత్' సూరా ఫోన్ తెరకూ వర్తిస్తుంది. రమజాన్‌లో ఒక ఇఫ్తార్‌కైనా ముస్లిమేతర సహాధ్యాయులను పిలవండి.

తల్లిదండ్రులారా! బిడ్డ ఇజ్తెమాకు వెళ్లాడా అని మాత్రమే కాక, అక్కడ అతనికి స్నేహితులున్నారా అని కూడా అడగండి. ధర్మం గడప దగ్గర ఆప్యాయత ఎదురైనవాడు బయటి లోకంలో తలవంచుకోడు, తలబిరుసుగానూ నడవడు. మన సంతానానికి అల్లాహ్ అలాంటి మధ్యేమార్గాన్ని, అలాంటి మిత్రులను ప్రసాదించుగాక! ఆమీన్.