మూడో గడిలో మాట

‘గో, వెంట్, గాన్’ అని మన పిల్లలు ఎక్కాల్లాగా వల్లె వేస్తారు. వర్క్, వాక్ లాంటి వాటితో చిక్కేమీ లేదు. వెనక ఒక్క ‘ఈడీ’ తగిలిస్తే మిగతా రెండు గడులూ నిండిపోతాయి. ఈ వల్లెవేత అంతా ఇర్రెగ్యులర్ వెర్బ్స్ కోసమే. గ్రామరు పుస్తకం చివర వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు వరసల పట్టిక ఉంటుంది. అందులో మూడో వరస దేనికో చాలా బళ్ళలో ఎవరూ చెప్పరు. ‘హ్యావ్ పక్కన వీ త్రీ రాయాలి’ అని సూత్రం చెప్పి వదిలేస్తారు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి అది చాలు. నోరు విప్పి మాట్లాడటానికి చాలదు.

గాన్ ఒక్కదాన్నే చూద్దాం. ఎవరో గుమ్మంలోకి వచ్చి మీ అన్నయ్య ఉన్నాడా అని అడిగారు. మీరు ‘హీ హ్యాజ్ గాన్ టు విజయవాడ’ అన్నారు. విజయవాడ వెళ్ళాడన్న సంగతితో పాటు, ఇప్పుడు ఇంట్లో లేడన్న సంగతి కూడా అందులోనే ఉంది. వచ్చినాయన ఇంక కూర్చోడు. అదే ‘హీ హ్యాజ్ బీన్ టు విజయవాడ’ అంటే, అన్నయ్య ఆ ఊరు చూసి తిరిగొచ్చేశాడు, పక్క గదిలోనే ఉన్నా ఉండొచ్చు. రెండు వాక్యాలూ జరిగిపోయిన ప్రయాణం గురించే. కానీ మనిషి ఇప్పుడెక్కడున్నాడో చెప్పేది ఆ మూడో గడిలోని మాట. అందుకే ఎదురుగా నిలబడి ‘ఐ హ్యావ్ గాన్ టు తిరుపతి’ అంటే ఇంగ్లీషువాళ్ళ చెవికి తేడాగా వినిపిస్తుంది. తిరుపతిలో ఉన్న మనిషి ఇక్కడెలా ఉన్నాడని. చివర ‘మెనీ టైమ్స్’ చేరిస్తే ఆ తేడా పోతుంది. చాలాసార్లు వెళ్ళాడంటే అన్నిసార్లూ తిరిగొచ్చినట్టే కదా.

ఈ భేదం తెలుగువాడికి కొత్తేమీ కాదు. వెళ్ళాడు వేరు, వెళ్ళొచ్చాడు వేరు. గడప దాటుతూ ‘వెళ్తున్నా’ అంటే ‘వెళ్ళొస్తానని చెప్పమ్మా’ అని దిద్దే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. తెలంగాణలో ‘పోయొస్త’ అంటారు. ఇంత సొంపైన క్రియ మన నోట్లోనే ఉండగా, గైడ్లలో మాత్రం ‘నేను వెళ్ళియున్నాను’ అని అనువాదం ఇస్తారు. అలా మాట్లాడే తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు. బీన్ టు అంటే వెళ్ళొచ్చాను అని ఒక్కమాట చెబితే పిల్లవాడికి ఆ క్షణాన్నే పట్టుబడుతుంది. మన భాషలో పెట్టుకుని చూపించాల్సిన చోట, ఎవరూ మాట్లాడని తెలుగు చూపించి పిల్లల్ని భయపెడుతున్నామని నాకు నిజంగా బాధ.

బీన్ గురించి ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బీ, బీన్ అన్నవి పుట్టిన మూలధాతువే సంస్కృతంలో ‘భూ’. ఆ భూ ధాతువుకి సంస్కృత వ్యాకరణంలో ఇదే మూడో గడి రూపం ‘భూత’. మనం భూతకాలం అన్నప్పుడల్లా బీన్‌కి దూరపు చుట్టాన్నే పలుకుతున్నామన్నమాట.

గో సంగతి ఇంకా విచిత్రం. గో, గాన్ రెండూ ఒకే తల్లి బిడ్డలు. మధ్యలో ఉన్న వెంట్ మాత్రం వేరే ఇంటిది. పాత ఇంగ్లీషులో గో కి భూతకాల రూపంగా పూర్తిగా వేరే మాట ఉండేది, అది మరుగున పడింది. ‘తిరుగు’ అనే అర్థమున్న వెండ్ అనే క్రియకి, సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ అయినట్టే, వెంట్ అన్న రూపముంది. 15వ శతాబ్దం నాటికి అది గో ఇంట్లో స్థిరపడిపోయింది. పాపం వెండ్, తన రూపం పోగొట్టుకుని వెండెడ్ అని కొత్తగా చేయించుకుంది. స్కాట్లాండు వాళ్ళు మాత్రం గో కే ‘గేడ్’ అని సొంత రూపం కల్పించుకున్నారు. పట్టికలో మూడు మాటలు మూడు రకాలుగా ఉన్నాయని విసుక్కునే పిల్లలకి ఈ కథ చెప్పాలి. మనకీ ‘వచ్చాడు, రాడు, రా’ ఉన్నాయి. వచ్చాడుకి మిగతా రెండింటి పోలిక లేదు. అయినా ఏ పట్టికా లేకుండానే మూడేళ్ళకి నోటికొచ్చేస్తాయి.

అర్థం దగ్గరికొస్తే గాన్‌కి అసలైన తోడు వెళ్ళడం కాదు, పోవడం. తాళాలు కనబడకపోతే ‘మై కీస్ ఆర్ గాన్’, తాళాలు పోయాయి. గిన్నెలో పాలు లేకపోతే ‘ది మిల్క్ ఈజ్ గాన్’, పాలు అయిపోయాయి. ఉండి, పాడైపోతే ‘ది మిల్క్ హ్యాజ్ గాన్ బ్యాడ్’. జుట్టు నెరిసిపోతే ‘గాన్ గ్రే’. బ్రిటన్‌లో పది దాటిపోయిందనడానికి ‘ఇట్స్ గాన్ టెన్’ అంటారు. పోవు అన్న క్రియ తెలుగులో ఎన్నో క్రియలకి వెనక చేరి, అది పూర్తయిందని, ఇంక వెనక్కి రాదని చెబుతుంది. గాన్ చేసేదీ చాలాచోట్ల అదే. అన్నిచోట్లా కాదు. ‘గాన్ డెఫ్’ అని ఇంగ్లీషు అంటుంటే మనకి చెవుడు వస్తుంది. ‘గాన్ మ్యాడ్’ అంటే మనకి పిచ్చి ఎక్కుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. ‘హ్యాజ్ గాన్’ అంటే ప్రయాణం కనబడుతుంది, ‘ఈజ్ గాన్’ అంటే లేకపోవడం కనబడుతుంది. కదలికను చెప్పే క్రియలకి హ్యావ్ బదులు బీ వాడటం ఇంగ్లీషులో పాత పద్ధతి. జర్మన్‌లో నేటికీ అదే పద్ధతి. ఇంగ్లీషులో మిగిలిన కొద్ది ఆనవాళ్ళలో ‘ఈజ్ గాన్’ ఒకటి. పెద్దవాళ్ళ గురించి ఊరికే ‘హీ ఈజ్ గాన్’ అంటే, సందర్భాన్ని బట్టి, ‘ఆయన పోయారు’ అన్నట్టే వినబడుతుంది. తెలంగాణలో ‘ఆయన ఊరికి పోయిండు’ అంటే ఏ శంకా లేనట్టే, గాన్ పక్కన ఊరి పేరు చేరిస్తే ఇంగ్లీషులోనూ ఆ శంక ఉండదు. ‘గాన్ టు వరంగల్’ అంటే వరంగలే.

ఇక మనవాళ్ళ ఉత్తరాల్లో, మెయిళ్ళలో తరచూ దొర్లేది ‘ఐ హ్యావ్ గాన్ టు మై నేటివ్ ప్లేస్ లాస్ట్ వీక్’. పోయిన వారం అని కాలం చెప్పేశాక గాన్‌కి ఆ వాక్యంలో పని లేదు. హ్యావ్‌తో కలిసిన గాన్ ఇప్పటి సంగతి చెప్పే మాట, గడిచిన వారానికి కట్టుబడదు. అక్కడ ‘ఐ వెంట్’ అనాలి. ఊళ్ళోనే ఉండిపోయిన అమ్మాయి గురించి ఇంట్లోవాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే అప్పుడు ‘షీ హ్యాజ్ గాన్ టు హర్ నేటివ్ ప్లేస్’. సోమవారం తను తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాక, ఎప్పుడని చెప్పకుండా ఊరి ముచ్చట్లు ఎత్తితే, ‘ఐ హ్యావ్ బీన్ టు మై నేటివ్ ప్లేస్’.