మూసీ తీరాన ఎవరికి చోటు?

హైదరాబాదు చూడవచ్చిన బంధువులను ఏమేమి చూస్తారని అడిగితే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, జూపార్కు అని వరుసగా చెబుతారు. మూసీనది చూస్తామన్నవారిని మేమింతవరకు ఎరుగము. బస్సు చాదర్‌ఘాట్ వంతెన దాటేటప్పుడు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకోవడమే చాలామందికి ఆ నదితో ఉన్న పరిచయం. అయితే పాతబస్తీ ఈ నది ఒడ్డున పుట్టింది. ఈ నది వలననే ఒకసారి నాశనమైంది. ఈ నది పేరనే ఇప్పుడు ఒక పెద్ద వివాదం నడుస్తున్నది. గనుక ప్రియ పాఠకులారా, ఈ నెల మిమ్మల్ని ఆ ఒడ్డు వెంట తీసుకొని వెళ్లాలని మా కోరిక.

మేము నలుగురం బయలుదేరాము. పనిమీద విశాఖపట్నం నుండి వచ్చి మా ఇంట దిగిన ఒక సహోదరుడు, మా సంఘ యువకులిద్దరు మాతో ఉన్నారు. పురానాపూల్ నుండి చాదర్‌ఘాట్ వరకు మూడు నాలుగు కిలోమీటర్ల నడక.

పురానాపూల్ అంటే పాత వంతెన. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1578లో దీనిని కట్టారు. చార్మినార్ 1591లో వచ్చింది. అంటే నగరానికంటె ముందు వంతెన పుట్టింది! యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కొరకు వరదలో నది దాటాడనీ, అందుకే తండ్రి ఈ వంతెన కట్టించాడనీ ఒక కథ చెబుతారు. చరిత్రకారులందరూ దీనిని ఒప్పుకోరు గాని వినడానికి బాగుంటుంది. నేడు ఆ రాతి కమానుల మీద కూరగాయల అంగడి నడుస్తున్నది. కొత్తిమీర కట్టలు, టమాటా గుట్టలు, బేరాల కేకలు. క్రింద మాత్రం నల్లని నీరు, తెల్లని నురుగు.

"ఇది నదేనా బ్రదర్?" అని విశాఖ సహోదరుడు అడిగారు.

నదే. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కొండలలో బయలుదేరే నీరు మంచినీరే. నగరంలోకి వచ్చాక మన ఇండ్లలోని మురుగు, కార్ఖానాల వ్యర్థం కలిసి దానిని ఇలా చేశాయి.

చింతచెట్టు సాక్ష్యం

గట్టు వెంట తూర్పుగా నడిచాము. ఒకవైపు ఎర్రరాతి గుమ్మటాలతో హైకోర్టు భవనం, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. రెండింటి నమూనా వేసినది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పే. హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. పర్యాటకులు ఫోటోలు తీసుకొనవలసిన చోటు ఇది. అయితే ఈ ఒడ్డున ఇంత విశాలమైన స్థలం ఎలా దొరికిందో చాలామందికి తెలియదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేలమంది చనిపోయారు. వేలాది ఇండ్లు కొట్టుకొనిపోయాయి. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. మా యువకులు దాని మానును తాకి చూశారు.

వరద తరువాత 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన సలహా ఇచ్చారు. ఆ ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఒడ్డున గట్లు కట్టించి తోటలు వేయించింది. అంటే మూసీ తీరాన్ని అందంగా చేయాలన్న ఆలోచన ఈనాటిది కాదు. కాని ఆనాటి వారు మొదట ప్రాణరక్షణ చూశారు, ఆ తరువాత తోట వేశారు. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ జలాశయాల వలన మరొకటి కూడా జరిగింది. వానాకాలంలో తప్ప నగరంలోకి నది నీరు రావడం తగ్గింది. ఎండిన నదీగర్భం ఖాళీ నేలవలె కనిపించింది. పల్లెలనుండి కూలికి వచ్చినవారికి, పాతబస్తీలో అద్దె కట్టలేనివారికి అదే దిక్కయింది. మొదట గుడిసె, తరువాత రేకుల కప్పు, ఆ తరువాత ఇటుక గోడ. కరెంటు మీటరు వచ్చింది, ఇంటిపన్ను రశీదు వచ్చింది. కొందరికి పట్టాలు కూడా వచ్చాయి. ఇలా రెండు మూడు తరాలు గడిచాయి.

ఎర్రరంగు గుర్తులు

చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలలోకి వెళ్లాము. సందులు ఎంత ఇరుకంటే ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒరగాలి. 2024 సెప్టెంబరులో అధికారులు ఇక్కడి ఇండ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ‌ఎక్స్ అని గుర్తు వేశారు. ఇల్లు నదీగర్భంలో ఉన్నదని దాని భావం. నగరం పొడవునా 55 కిలోమీటర్ల మూసీని బాగుచేసి, ఒడ్డున రోడ్లు, నడక దారులు, వినోద స్థలాలు కట్టాలన్నది ప్రభుత్వ సంకల్పం. దానికి అడ్డుగా పదివేలకు పైగా కట్టడాలు ఉన్నవని లెక్క తీశారు. అక్టోబరు 1 నుండి, ఖాళీ చేయడానికి ఒప్పుకున్నవారి ఇండ్లను కూల్చడం మొదలుపెట్టారు. సందులలోకి యంత్రాలు పట్టక కూలీలు సుత్తులతో గోడలు పగులగొట్టారు. ఖాళీ చేసినవారికి మలక్‌పేట పిల్లిగుడిసెలు వంటి చోట్ల డబుల్ బెడ్‌రూమ్ ఇండ్లు ఇచ్చారు.

ఒక ఇంటి గడప మీద బియ్యం ఏరుతున్న తల్లి మాతో మాట్లాడింది. "అయ్యా, నేను పెండ్లయి ఈ ఇంటికే వచ్చిన. నాలుగిండ్లల్ల పనిచేస్త. పిల్లలు గీ బడికే పోతరు. వాళ్లిచ్చే ఇల్లు మంచిగనే ఉంటదేమో గని, పని యాడ దొరుకుతది? నడుమల బడి మార్పిస్తరా?"

ఆమె మాట ముగియకముందే పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు. "మా తమ్ముడు పోయిండు సార్. వానొస్తే ఇప్పుడు నిద్రపోతుండు. మేము ఇంక సామాన్లు అటక మీద ఎక్కిస్తనే ఉన్నం."

ఇద్దరి మాటా నిజమే. 2025 సెప్టెంబరు చివరిలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషను లోపలికి వచ్చింది. ప్రయాణికులను రాత్రివేళ బయటకు చేర్చవలసి వచ్చింది. చాదర్‌ఘాట్ బస్తీలు నీట మునిగాయి. నదీగర్భంలో కాపురం ప్రమాదమని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. కాని ప్రమాదంనుండి తప్పించడం వేరు, విహారయాత్రికుల కొరకు ఖాళీ చేయించడం వేరు. మొదటిది చెప్పి రెండవది చేస్తారేమోనన్నదే ఆ తల్లి భయం.

పార్టీలు మారిన మాట

ఈ భయం ఊరకనే పుట్టలేదు. 1990ల చివరిలో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం నందనవనం పేరుతో మూసీ సుందరీకరణ తలపెట్టింది. ఒడ్డునున్న పేదలను కొందరిని దూరపు కాలనీకి తరలించారు. నిరసనలు జరిగాయి. అనుకున్న నందనవనం మాత్రం రాలేదు. 2017లో కేసీఆర్ గారి ప్రభుత్వం మూసీ అభివృద్ధికి ప్రత్యేక కార్పొరేషను పెట్టింది. 2024లో రేవంత్ రెడ్డి గారి ప్రభుత్వం ఆ పనిని చేతికి తీసుకోగా, లక్షన్నర కోట్ల రూపాయలన్న సంఖ్య చర్చలోకి వచ్చింది. నిన్న కార్పొరేషను పెట్టిన పార్టీయే నేడు ఇండ్ల కూల్చివేతను ఖండించింది. ముఖ్యమంత్రి నవంబరు 8న నల్లగొండ వైపు మూసీ రైతుల మధ్య పాదయాత్ర చేసి, విషపు నీటితో వారెన్నాళ్లు బ్రతకాలని అడిగారు. నవంబరు 16న బీజేపీ నాయకులు మూసీ బస్తీలలో రాత్రి నిద్ర చేశారు. దిగువ రైతు బాధ నిజం. బస్తీవాసి బాధా నిజం. అయితే ప్రతి పార్టీకి తాను అధికారంలో లేనప్పుడే ఒడ్డున ఉన్నవాడు కనబడుతున్నాడు.

నడుస్తూ విశాఖ సహోదరుడు తమ ప్రాంతం సంగతి చెప్పారు. "మా తీరంలో తాబేళ్ల విషయంలోనూ ఇదే తంతు బ్రదర్." ప్రతి యేడు జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంత తవ్వి గ్రుడ్లు పెట్టిపోతాయి. అటవీశాఖవారు ఆ గ్రుడ్లు సేకరించి, కంచెల లోపల పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతారు. పిల్లలకు దారి చూపేది సముద్రం మీది రాత్రి వెలుతురు. ఒడ్డున హోటళ్ల దీపాలు వెలిగితే అవి సముద్రమనుకొని అటువైపు పాకి చస్తాయి. తీరాన్ని కాపాడడానికి 1991లో కేంద్రం నియమాలు పెట్టి, పల్లెల తీరంలో పోటు గీతనుండి 200 మీటర్ల వరకు కట్టడాలు వద్దన్నది. 2019లో జనం ఎక్కువగా ఉన్న పల్లెతీరాలలో దానిని 50 మీటర్లకు తగ్గించింది. రుషికొండ మీద పర్యాటక శాఖ పాత కట్టడాలు తీసివేసి, కొండ తొలిచి కట్టిన కొత్త భవనాలు ఎంత రాజకీయ వివాదమయ్యాయో పత్రికలలో చదివినదే.

"దీపం పెట్టినవాడికి తాబేలు మీద పగ లేదు" అన్నారు ఆయన. "అక్కడికి ముందునుండి ఎవరు వస్తున్నారో అడగలేదు, అంతే."

మూసీ విషయం దీనికంటె చిక్కైనది. సముద్రపు ఒడ్డున తాబేలు ఒకవైపు, హోటలు ఒకవైపు. ఇక్కడ నదికి చోటు కావాలి, పేదకు ఇల్లు కావాలి, చూడవచ్చినవారికి షికారు కావాలి. మూడూ ఒకే ఒడ్డున.

సియోల్ నగరంలో చూసినది, చూడనిది

2024 అక్టోబరులో మన మంత్రులు, అధికారులు, విలేఖరులు దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లి చొంగ్గెచొన్ అనే కాలువను చూసి వచ్చారు. సిమెంటు క్రింద కప్పబడి, పైన ఎత్తయిన రోడ్డు మోస్తున్న ఆ వాగును 2003లో తవ్వడం ప్రారంభించి 2005లో ప్రజలకు తెరిచారు. ఇప్పుడది సుమారు ఆరు కిలోమీటర్ల చల్లని దారి. అందులో పారేది ఎక్కువగా మరపంపులతో హాన్ నదినుండి తోడిపోసే నీరే. అది నిజంగా అందమైనదే. కాని అక్కడ వీధి వ్యాపారం చేసుకునేవారిని ఒక పాత స్టేడియంలోకి పంపించారు. కొన్నేండ్లకు ఆ స్టేడియాన్ని కూడా పడగొట్టి, వారిని మరొకచోటికి తరలించారు. చల్లని దారిని చూసివచ్చినవారు ఈ సంగతి కూడా చెప్పవలసి ఉండెను.

మన నగరానికి ఏది మంచిదని మా యువకులు అడిగారు. మేము ఇంజనీర్లము కాము. అయినా కంటికి కనిపించే వరుస ఒకటి ఉన్నది. మొదట మురుగు ఆగాలి. 2021లో 3,866 కోట్ల రూపాయలతో నగరానికి 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు మంజూరయ్యాయి. వాటిలో కొన్ని పని ప్రారంభించాయి. నీరు శుభ్రం కాకుండా ఒడ్డున దీపాలు పెడితే, ఆ దీపాల క్రింద ఎవరు నిలబడగలరు? రెండవది, ఎగువన జలాశయాలను కాపాడాలి. 84 గ్రామాలలో కట్టడాలను అదుపు చేసిన 1996 నాటి 111వ ఉత్తర్వును 2022లో సడలించారు. విశ్వేశ్వరయ్య గారి కాపలా అక్కడ తెగిపోతే క్రింద ఏ గట్టూ ఆపదు. మూడవది, లేవవలసినవారికి ఇల్లు ముందు, సుత్తి తరువాత. ఆ ఇల్లు పనికి దగ్గరగా ఉండాలి, దాని కాగితం చేతిలో ఉండాలి, పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగాలి. ఈ మూడూ అయ్యాక తోట వేస్తే, ఆ తోటలో మొదట కూర్చోవలసినవారు ఆ బస్తీవారే.

ఇది ప్రభుత్వం పని అని పాఠకులు పుట తిప్పవద్దు. నదిలో పారే మురుగు బస్తీవారిది మాత్రమే కాదు. అందులో ఎక్కువ భాగం మన మేడలనుండి, మన అపార్టుమెంట్లనుండి పోయినదే. మన ఇండ్లలో గిన్నెలు తోమేవారు, ఆటో నడిపేవారు ఎందరో ఆ ఒడ్డునుండి వస్తున్నారు. వారిని ఒకసారి అడగండి, మీ ఇల్లు ఎక్కడ, గోడ మీద గుర్తు పడిందా అని. పడినదంటే పట్టా కాగితం, పన్ను రశీదు, పిల్లల బడి సర్టిఫికెట్ ఒకచోట భద్రపరచుకోమని చెప్పండి. దరఖాస్తు వ్రాయడం రానివారికి వ్రాసిపెట్టండి. మా యువకులిద్దరు ఈ పనికి ప్రతి శనివారం సాయంత్రం ఆ సందులలోకి వెళ్తున్నారు. ఆ తల్లి కాగితాలు దొరికాయి. ఇంటిపన్ను రశీదులు మాత్రం రెండేండ్లవి వరదలో తడిసి చదవరాకుండా పోయాయి. వాటి నకళ్ల కొరకు దరఖాస్తు పెట్టారు.