ఘాటు తీసేసిన పొగ

విశాఖలో ఎక్కడున్నామో కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. చేపలరేవైతే ఎండుచేపల వాసన, పోర్టు పక్కనైతే ఖనిజం ధూళి, సాయంత్రం బీచ్‌రోడ్డైతే కాల్చిన మొక్కజొన్న పొత్తులు. మొన్న ఆదివారం మాత్రం మా వరండాలో వీటితో సంబంధంలేని వాసనొకటి గుప్పుమంది. వెనిలా!

సరుకుల ఓడలో ఇంజినీరుగా చేసే మిత్రుడు సెలవు మీద వచ్చాడు. పైపు తాగడం అతని పాత అలవాటు. ఈసారి కొత్తరకం పొగాకు డబ్బా తెచ్చాడు. మూత తీస్తే బేకరీ తలుపు తెరిచినట్టుంది. ముదురు గోధుమరంగు ఆకు, చేతికి కాస్త జిగురు. ఇలాంటి పొగాకుని ఆవిరిపట్టి, ఒత్తి, తీపి కలిపి, చివర్లో పరిమళం అద్దుతారు.

'నువ్వూ ఓ దమ్ము లాగు, రాసుకోడానికి పనికొస్తుంది' అన్నాడు. లాగాను. తమాషా ఏమిటంటే, ఆ వెనిలా అంతా పక్కవాళ్లకే! నా నాలుక మీద మిగిలింది మామూలు పొగాకు చేదూ, చురుక్కుమనే మంటా.

అంతలో లోపల్నుంచి మా ఏడేళ్లవాడు పరుగెత్తుకొచ్చాడు. 'నాన్నా, ఐస్‌క్రీమా?' మిత్రుడు పగలబడి నవ్వాడు. నాకు మాత్రం భీమిలిలో మా మామ్మ గుర్తొచ్చింది.

మామ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చేది. ఉత్తరాంధ్ర తీరంలో ఎందరో ఆడవాళ్లకున్న అలవాటే. 'గాలికి ఆరిపోదురా, రెండు చేతులా పని చేసుకోవచ్చు' అనేది. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, 1971లో వైద్యులు ప్రచురించిన అధ్యయనం ఈ నిప్పు అంగిలిని ఏం చేస్తుందో లోకానికి చూపించింది. మామ్మకీ అంతే. ముందు తెల్లమచ్చ, తర్వాత పుండు. పెద్దాసుపత్రిలో క్యాన్సరన్నారు. చివరి నెలల్లో గంజి కూడా దిగేది కాదు.

అయినా మనవలం పదిమందిలో ఒక్కరం కూడా చుట్ట ముట్టలేదు. దాని ఘాటుకి కళ్లు మండి ఆమడదూరం పారిపోయేవాళ్లం. 'దగ్గరికి రాకండర్రా' అని మామ్మ అరవాల్సిన పనే లేదు. ఆ ఘాటే మాకు కాపలా.

డబ్బాలో తీసేసింది సరిగ్గా ఆ కాపలానే. వెనిలా కలిపితే నికోటిన్ ఎక్కడికీ పోదు. పైపు పొగ గుండెల్లోకి పీల్చకపోయినా నోటి పొరల్లోంచే అది ఒంట్లోకి చేరుతుంది. నోటి క్యాన్సర్ ముప్పూ తప్పదు. పళ్ల రుచులూ మిఠాయి రుచులూ పిల్లల్ని లాగుతాయనే అమెరికా 2009లో మెంథాల్ మినహా రుచుల సిగరెట్లన్నిటినీ నిషేధించింది. పైపు పొగాకు ఆ నిషేధంలోకి రాలేదు. మన దేశం 2019లో ఈ-సిగరెట్లని నిషేధించినప్పుడూ పిల్లలే ముఖ్యకారణం.

మిత్రుడి మీద నాకు కోపం లేదు. అతను పెద్దవాడు, ఏం తాగుతున్నాడో తెలిసినవాడు. మీ ఇంటికీ ఇలాంటి మిత్రుడొకరు రావచ్చు. కాఫీ ఇవ్వండి, కబుర్లు చెప్పుకోండి. డబ్బా మూత తీసేముందు మాత్రం వీధి చివరిదాకా నడుద్దాం రమ్మని పిలవండి. చేదు వస్తువుని చేదుగానే తెలుసుకునే హక్కు పిల్లలకుంది.