మా పెరటి చుట్టములు

మన పాఠశాలలో దెబోరా యను పేరుగల బాలికలు కొందరున్నారు. హెబ్రీ భాషలో ఆ పేరునకు తేనెటీగ యని యర్థము. ఆ మాట చెప్పినప్పుడెల్ల తరగతి నవ్వును. తేనెటీగ యనగానే పిల్లలకు తేనెయు, కుట్టును జ్ఞప్తికి వచ్చునే గాని సొరకాయ జ్ఞప్తికి రాదు.

ఇందుకు కారణము లేకపోలేదు. నాగార్జునసాగరపు కాలువలకు 1967లో నీరు వదలిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరియే ముఖ్యమైన పైరయ్యెను. వరిపూవు తన పుప్పొడితోనే ఫలించును; దానికి ఈగతో పని లేదు. కావున ఈగలు తగ్గినను ధాన్యము తగ్గదు, మనకు లోటు కానరాదు. అది కనబడునది పెరటి పందిరి క్రిందనే.

కోదాడలో మా మేనత్తగారి సొరపాదు పందిరినిండ అల్లుకొని విరివిగా పూచెను గాని, పిందెలు వ్రేలెడు కాకమునుపే పసుపువారి రాలిపోవుచుండెను. ఆమె ఆదివారపు ఆరాధనకు ఎన్నడును తప్పని మనిషి. అయినను పందిరికి సున్నపు బొట్లు పెట్టిన కుండ నొకటి వ్రేలాడదీసెను. “ఎవరి దిష్టి తగిలిందో నాయనా!” యని నాతో వాపోయెను. సొరపూవు సాయంకాలము విచ్చును. ఆ వేళకు ఆమెను పందిరి క్రిందికి పిలిచి, సన్నని కాడపై నిలుచునది మగపూవనియు, అడుగున చిన్న పిందె గలది ఆడుపూవనియు చూపితిని. ఒక మగపూవును త్రుంచి, దాని పుప్పొడిని నాలుగు ఆడుపూవుల నడుమ రాచితిని. వారము దినములలో మూడు పిందెలు నిలిచి బలిసెను. ఆమె కుండను దింపలేదు. కాని నాటినుండి ప్రతిసాయంకాలము తానే పూవులు రాయసాగెను.

మనము చేతితో చేయు ఈ పనిని పురుగులు పిలువకయే చేయును. తెల్లవారుజామున విచ్చు గుమ్మడిపూవునకు తేనెటీగలు వచ్చును. సొర, పొట్ల పూవుల తెలుపు చీకటిలో తిరుగు చిమ్మటల కొరకే. వంగ, టమాట పూవులలో పుప్పొడి సన్నని గొట్టములలో దాగి, కొనయందలి రంధ్రమునుండి మాత్రమే రాలును. నల్లని తుమ్మెద ఆ పూవును పట్టుకొని ఝుమ్మని దేహము నదరించినచో పొడి జలజల రాలును. తేనెటీగకు ఈ విద్య రాదు.

పూవు తేనె నుంచుకొనుట పురుగులను పిలుచుటకే యని వివరముగ వ్రాసినవాడు ఒక బడిపంతులే. జర్మనీలోని స్పాండౌ పట్టణపు పాఠశాలాధిపతి క్రిస్టియాన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ 1793లో ఆ గ్రంథమును ప్రకటించెను. మరుసటి సంవత్సరమే ఆయన ఉద్యోగము పోయెను. మన ఉపాధ్యాయులు దీనికి భయపడనక్కరలేదు. నాటి పండితులలో పెక్కురు దానిని లెక్కసేయలేదు. తరువాతి కాలమున డార్విను దానిని మెచ్చుకొనెను.

ఇక సూర్యాపేటలోని మా పెరడు చాల చిన్నది. మిషను ఆవరణములలో క్రోటను కుండీలు వరుసగా పెట్టుట పెద్దమనిషితనముగా సాగుచున్నది. వాటివలన ఈగకు ప్రయోజనము లేదని నా యభిప్రాయము. కొత్తిమీరలో నాలుగు మొక్కలను కోయక పూతకు విడిచితిని. గోడవార చంద్రకాంత వేసితిని. అది సాయంకాలము పూచి చిమ్మటలను రప్పించును. క్రైస్తవుల యింట తులసి యేల యని యొకరడుగగా, ప్రొద్దుటివేళ దాని కంకులపై మూగిన ఈగలను చూపితిని. పెరడంతయు సిమెంటు చేయింపక కొంత మట్టినేల నుంచితిమి, ఏలయన నేలలో బొరియ చేసికొని బ్రదుకు ఈగలు అనేకములు. వేసవిలో మూకుటిలో గులకరాళ్లు వేసి, అవి మునుగకుండ నీరు పోయుదుము. కరివేపాకుపై పక్షిరెట్టవలె కనబడు పురుగును పిల్లలు నలుపరాదు. అది కొలదిదినములలో సీతాకోకచిలుక యగును.

పత్తి, మిరప వేయు తండ్రులకు ఒక మనవి. పైరు పూతమీద నున్నప్పుడు మందు చల్లకుడు. తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన పిమ్మట, ప్రొద్దు గ్రుంకిన తరువాత చల్లుడు. పగలు చల్లిన విషము ఈగతోకూడ గూటిలోనికి పోవును.

ఈ నడుమ ఒక తుమ్మెద మా పందిరి వెదురుగడకు గుండ్రని రంధ్రము చేసి అందు కాపురము పెట్టినది. క్రింద సన్నని పొడి రాలుచున్నది. గడ విరుగకమునుపే మార్చవలెనని మా యింటివారి పట్టు, మునగపూత ముగియువరకు ఆగుడని నా మనవి. ఈ వాదము ఇంకను తేలలేదు.