మావాడు ఆట గురించి రాస్తే అందులో మా చేను కనపడింది

ఇవాళ తెల్లదోమ గురించీ కాదు, కొబ్బరి రేటు గురించీ కాదు. వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మావాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రాత్రిళ్ళు కంప్యూటర్లో ఆటలాడతాడు. ఇంటర్ చదివేటప్పుడు ఈ ఆటల మీదే వాడికీ నాకూ చెడింది. ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అప్పట్నించీ మాటలు తగ్గిపోయాయి. ఇప్పుడు ఫోన్ చేసినా "తిన్నారా, దింపు అయ్యిందా, అమ్మకివ్వండి", అంతే.

మొన్న మా అమ్మాయి వాట్సాప్‌లో "నాన్నగారూ, తమ్ముడు రాశాడు చదవండి" అని ఒకటి పంపింది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ గురించి. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే అతను నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని, బొమ్మలూ సంగీతం అన్నీ తనే చేసి 2016లో వదిలాడంట. ఆఫీసు పనితో విసిగిపోయినవాడు తాతగారి పొలానికెళ్ళి వ్యవసాయం చేస్తాడు. మొదట ముల్లంగిలాంటి దుంపవి 15 విత్తనాలిస్తారు, నాలుగు రోజుల్లో పంట. కోసింది పెట్టెలో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బులు! తేమ శాతం గొడవ లేదు, సంచుల కోసం తిరగడం లేదు. ఒక్కణ్ణే నవ్వుకున్నానండి.

మావాడు గేమ్ బాగుందా, కొనొచ్చా అని రాయలేదు. అరుగు మీద కబుర్లలాగ ఎటెటో పోయాడు. ఆటలో వాన పడితే ఆ రోజు నీళ్ళు పెట్టక్కర్లేదంట. అక్కణ్ణించి మా పెంకుటింటి చూరు నీళ్ళకి పోయాడు, అక్కణ్ణించి నానమ్మ పునుగులకి. ఆటలో పెంచే కోడి గురించి మొదలెట్టి, మా దొడ్లో ముంగిస ఎత్తుకుపోయిన కోడి దగ్గర తేలాడు. అసలు సంగతి మర్చిపోయాడేమో అనుకున్నాను.

అప్పుడొచ్చిందండి ఆ మాట. ఆటలో ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచలేడంట. డబ్బుల కోసం కాదంట. చిన్నప్పుడు ఒక సార్వాకి మా చేను ఖాళీగా ఉండిపోయిందనీ, సాయంత్రం నేను గట్టు మీద కూర్చునుంటే వెనకాల సైకిలు పట్టుకుని నిలబడి, పిలవడానికి భయమేసి వెళ్ళిపోయాననీ రాశాడు.

అది 2011. గిట్టుబాటు లేక మన కోనసీమ రైతులం క్రాప్ హాలిడే అన్న ఏడు. మోహన్ కందా కమిటీ వేశారు, నివేదిక ఇచ్చారు. పేపర్లలో ఎకరాల లెక్కలొచ్చాయి. నా వెనకాల నిలబడ్డ పదేళ్ళ పిల్లాడు ఏ లెక్కలోనూ లేడు. నాకే తెలీదు.

నేనడిగితే ఆ మాట వాడు చెప్పేవాడు కాదండి. సూటిగా రాసినా వచ్చేది కాదేమో. కోడీ వానా అంటూ తిరిగి తిరిగి అక్కడికొచ్చాడు.

ఆ రాత్రి ఫోన్ చేశాను. గట్టు సంగతి ఎత్తలేదు. "ఆటలో నీ కోడి పేరేంట్రా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నలభై నిమిషాలు చెప్పాడు.

మీ పిల్లలు ఏదైనా రాస్తే, డొంకతిరుగుడుగా ఉందని మధ్యలో ఆపెయ్యకండి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ ఆట నాకు చూపించమన్నాను. ముందు ఆ 15 విత్తనాలూ నేనే వేస్తానన్నాను.